యాకుత్ చలి ఎద్దు బొమ్మ: మూపురం పెట్టకండి

సైబీరియాలోని సఖా జనం, అంటే యాకుత్‌లు, చలికాలాన్ని ఒక ఎద్దుగా చెప్పుకుంటారు. తెల్లని ఒళ్లు, నీలి మచ్చలు, పెద్ద కొమ్ములు, మంచు కక్కే ఊపిరి. ఉత్తర మహాసముద్రం నుంచి వచ్చి కూర్చుంటుంది. జనవరి చివర ఒక కొమ్ము, ఫిబ్రవరిలో రెండోది, ఆ తర్వాత తల రాలిపోతాయి. వసంతంలో మొండెం కరిగి, లేనా నది మంచుగడ్డలతో కలిసి సముద్రానికి కొట్టుకుపోతుంది. కాబట్టి ఈ ఎద్దును నీటిరంగుల్లో వేయాలంటే, పెన్సిల్ పట్టకముందే నెల తేల్చుకోవాలి. రెండు కొమ్ములూ ఉంటే నడి చలి. ఒకటే ఉంటే చలి విరుగుతున్నట్టు. (అక్కడి ఓయ్‌మ్యకోన్ ఊరి పండుగల్లో కనిపించే చలి రాజు చిస్ఖాన్‌ది మనిషి రూపం. నీలి అంగీ, కొమ్ముల కిరీటం. ఆ బొమ్మ వేరు.)

మనవాళ్ల చేయి ఒంగోలు గిత్త వైపే పోతుంది. సంక్రాంతికి గంగిరెద్దును చూస్తూ పెరిగిన కన్ను మరి! యాకుత్ పశువుకు మూపురం లేదు. పొట్టి కాళ్లు, లోతైన ఛాతీ, దట్టమైన బొచ్చు. భుజాల బరువు పట్టుబడాలంటే దీపావళి అయ్యాక హైదరాబాద్ నారాయణగూడలో జరిగే సదర్ ఉత్సవంలో దున్నపోతులను స్కెచ్ చేయండి. కొమ్ములు మాత్రం అక్కడివి తీసుకోవద్దు, ముర్రా జాతి దున్నల కొమ్ములు చుట్ట తిరిగి ఉంటాయి. ఇక్కడ పక్కలకు చాచి పైకి లేవాలి.

తర్వాత వెలుగు. డిసెంబర్ మధ్యాహ్నం హైదరాబాద్‌లో సూర్యుడు దాదాపు 49 డిగ్రీల ఎత్తున ఉంటాడు, సఖా ప్రాంత రాజధాని యాకుత్స్క్‌లో 4 నుంచి 5 డిగ్రీలే. అంటే నీడ ఎద్దు ఎత్తుకు దాదాపు 12 రెట్లు. అది కాగితం అంచు దాటి పోవాల్సిందే. కాళ్ల కింద చిన్న నీడ పెడితే మన మైదానంలో నిలబడ్డట్టే ఉంటుంది. మంచు తుఫానూ వద్దు. అక్కడ గడ్డకట్టించే చలిలో గాలి ఆడదు, పొగ నిటారుగా లేస్తుంది.

300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే) కాటన్ కాగితం, ఏ3 సైజు, నాలుగు అంచులూ బోర్డుకు టేపుతో అంటించండి. తెల్ల రంగు ట్యూబు పక్కన పెట్టేయండి, ఒంటి తెలుపు కాగితమే. బొచ్చు మీది మంచు, మీసాలు, కనుబొమలు మాస్కింగ్ ఫ్లూయిడ్‌తో (రంగు అంటకుండా కాపాడి, తర్వాత ఊడదీసే రబ్బరు ద్రవం) ముందే కప్పండి. బ్రష్‌ను సబ్బులో ముంచి వాడితే పాడవదు. పూర్తిగా ఎండిన కాగితం మీదే పూయాలి. తడి ఉంటే ఊడేటప్పుడు పొరతో సహా లేస్తుంది. మే నెల వేడిలో రాత్రంతా వదిలేయకండి, అదే రోజు తీసేయాలి.

ఆకాశానికి రెండు టేబుల్ స్పూన్ల నీళ్లలో అల్ట్రామెరైన్ నీలం, చిటికెడు బర్న్ట్ సియెనా గోధుమ రంగు. ఎండితే లేతబడుతుంది కనుక కళ్లకు నచ్చినదానికన్నా ఒక పాలు చిక్కగా కలపండి. బోర్డును కాస్త వాల్చి పైనుంచి కిందికి లాగండి. సీలింగ్ ఫ్యాన్ ఆపేయండి. లేదంటే ఒకవైపు ముందు ఆరి, మధ్యలో గట్టు కడుతుంది, దాన్ని ఇక చెరపలేం.

మంచు రవ్వలకు కల్లుప్పు చల్లండి. రంగు మెరుపు తగ్గుతున్న క్షణమే అదను. ముందే చల్లితే ఉప్పు కరిగి మరకలవుతుంది, ఆలస్యమైతే ఏమీ జరగదు. వేసవిలో ఆ క్షణం చాలా త్వరగా దాటిపోతుంది కనుక ఉప్పు చేతిలోనే ఉంచుకోండి. వానాకాలంలో ఉప్పే చెమ్మ పట్టి ముద్దకడుతుంది, పెనం మీద వేయించి చల్లార్చి వాడండి.

ఊపిరిని గీయడానికి రంగు వేయనక్కర్లేదు. ముక్కు ముందున్న తడి నీలాన్ని నలిపిన టిష్యూతో అద్ది ఎత్తేయండి, అంతే. ఒంటి మీది నీలి మచ్చలను తడి కాగితం మీద వదలాలి. అంచు గట్టిగా ఉంటే చుక్కల దుప్పటి కప్పినట్టుంటుంది. కొమ్ము రాలిన నెల గీస్తుంటే, విరిగిన మొదలును చదునుగా కోయకండి. మంచుగడ్డ పగిలినట్టు వంకరగా ఉండాలి, కింద పడిన కొమ్ముకూ దాని పొడుగాటి నీడ వేయాలి.