హోంవర్క్ గొడవ మా ఇంట్లో ఎలా తగ్గిందంటే

మూడో తరగతి చదివే మా వాడికి హోంవర్క్ అనగానే దాహం వేసేది, పెన్సిల్ ముక్కు విరిగేది, రబ్బరు మాయమైపోయేది. గమనిస్తే అసలు కష్టమంతా మొదలుపెట్టడంలోనే ఉంది, లెక్కల్లో కాదు. అందుకే మొదటి లెక్క ఇద్దరం కలిసి చేసేవాళ్లం, రెండోది సగం వరకు నేను వేసి వదిలేస్తే మిగతాది వాడు పూర్తి చేసేవాడు, మూడోదానికి నేను అక్కణ్ణుంచి లేచిపోయేదాన్ని (పక్కనే ఉంటే ప్రతి అంకెకీ నా మొహం చూస్తాడు).

తర్వాత టైమ్. తరగతికి 10 నిమిషాల చొప్పున అని టీచర్లు చెప్పే లెక్క ఒకటుంది, అంటే మూడో తరగతికి 30. హోంవర్క్‌కీ మార్కులకీ ఉన్న సంబంధం పెద్ద తరగతుల్లో కంటే చిన్న తరగతుల్లో బలహీనమని హారిస్ కూపర్ అనే అమెరికా పరిశోధకుడి బృందం 2006లో చూపించింది కూడా. అందుకే 30 నిమిషాలు దాటితే పుస్తకం మూసేసి, ఎక్కడ ఆగాడో డైరీలో ఒక లైను రాసి పంపేదాన్ని. టీచర్ కోప్పడలేదు సరికదా, వాడికి ఏది రావట్లేదో తెలిసిందన్నారు.

ఇక ప్రవర్తన. "అల్లరి చేయకు" అంటే మరేం చేయాలో వాడికి తెలియదు. "బ్యాగు కొక్కేనికి తగిలించి, డైరీ తీసి బల్ల మీద పెట్టు" అంటే తెలుస్తుంది. "గుడ్ బాయ్" కంటే "చెప్పకుండానే డైరీ తీశావే!" అంటేనే ఎక్కువ ఉబ్బిపోతాడు. స్టిక్కర్ల చార్ట్ కూడా పెట్టి చూశాం, కొన్నాళ్లకే బేరాలు మొదలయ్యాయి, తీసేశాను. చేతిరాత గొడవ మాత్రం అలాగే ఉంది, దాని జోలికి ఇంకా పోలేదు.