పైకప్పు లేని పెట్టెలో ఆవిరి రైలు ప్రయాణం: ఎలా చేయాలి?

కిటికీ అద్దం వెనక నుంచి చూస్తే ఆవిరి రైలు కూడా మామూలు రైలే. పొగ వాసన, కూత, చలిగాలి నేరుగా తగలాలంటే పైకప్పు లేని పెట్టెలో నిలబడాలి. అమెరికాలోని కంబ్రెస్ అండ్ టాల్టెక్ రైలుకు అలాంటి పెట్టె ఉంది. న్యూ మెక్సికోలోని చామా, కొలరాడోలోని ఆంటొనీటో ఊళ్ల మధ్య 64 మైళ్ల న్యారోగేజి దారి ఇది. 1880–81లో వేశారు. పట్టాల మధ్య వెడల్పు మూడడుగులే. డెన్వర్‌లో ఉండే మన తెలుగువాళ్లు కారులో నాలుగైదు గంటల్లో ఆంటొనీటో చేరుకోవచ్చు.

1. ముందు టికెట్ సంగతి. ఈ రైలులో పైకప్పు లేని పెట్టెకు విడిగా టికెట్ ఉండదు. మీ సీటు మామూలు పెట్టెలో ఉంటుంది, కావలసినప్పుడు లేచి వెళ్లి నిలబడి చూసి రావచ్చు. కొలరాడోలోనే ఉన్న డురాంగో–సిల్వర్టన్ రైలులో అలా కాదు. అక్కడ గొండోలా అనే, పక్కలు తెరిచి ఉండే పెట్టెలోనే సీటు కొనుక్కోవాలి. నాకైతే మొదటి పద్ధతే నచ్చుతుంది. రోజంతా గాలిలో ఉంటే కొండలు కూడా విసుగు పుట్టిస్తాయి.

2. బయలుదేరే వైపు ఎంచుకోండి. చామా నుంచి వెళ్లమనే నా సలహా. అక్కడి నుంచి కంబ్రెస్ కనుమ వరకు 14 మైళ్లు ఎగుడే. ప్రతి వంద అడుగులకు నాలుగడుగులు ఎక్కుతూ రైలు 10,015 అడుగుల ఎత్తుకు చేరుతుంది. ఇంజను నిజంగా కష్టపడేది ఇక్కడే. ఒక్కో దమ్ము విడివిడిగా వినిపిస్తుంది, వంపు తిరిగినప్పుడు పొగ చిమ్ముతున్న ఇంజను మొత్తం కళ్లెదుటికి వస్తుంది. కాబట్టి రైలు కదలగానే ఆ పెట్టెలోకి వెళ్లండి. కాఫీ తరవాత తాగవచ్చు.

3. బట్టలు. తెల్ల చొక్కా వద్దు, మసి అంటుకుంటుంది. వేసవిలోనూ స్వెట్టరు ఉండాలి. మధ్యాహ్నం వాన పడితే రెయిన్‌కోటే దిక్కు, ఆ గాలికి గొడుగు నిలవదు. చున్నీ అయినా, పమిట అయినా పిన్ను పెట్టి బిగించుకోండి. టోపీకి గడ్డం కింద తాడు ఉండాలి. ఫోను తాడు మెడలో వేసుకోండి, లోయలో పడితే దానికోసం రైలు ఆపరు.

4. కళ్లు జాగ్రత్త. కాంటాక్ట్ లెన్సులు తీసేసి కళ్లజోడు పెట్టుకోండి. కంట్లో నలుసు పడితే నలపకండి. రెప్పలు గబగబా ఆడించండి, అప్పటికీ పోకపోతే సీసాలోని మంచినీళ్లతో కడగండి. ఇంజను వైపు ముఖం పెట్టి నిలబడితేనే ఈ బాధ ఎక్కువ. పక్కకు తిరిగి నిలబడితే సగం తగ్గుతుంది.

5. మధ్యాహ్నం దారిలో ఓసియర్ అనే చోట భోజనానికి ఆగుతారు. భోజనం ఖర్చు టికెట్లోనే కలిసి ఉంటుంది. కడుపు నిండాక కునుకు పట్టడం సహజమే, కానీ ఇప్పుడు నిద్రపోతే టాల్టెక్ లోయ పోతుంది. అక్కడ నది మీకు దాదాపు 600 అడుగుల దిగువన ఉంటుంది. పట్టాల పక్కనే అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్ జ్ఞాపకార్థం నిలిపిన రాతిస్తంభం కనిపిస్తుంది. దాని వెంటనే సొరంగం వస్తుంది. స్తంభం కనబడగానే కళ్లజోడు సరిచూసుకుని, తడి రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకోండి. లోపల పొగకు పోయే దారి ఉండదు, మన మీదికే దిగుతుంది. ఉబ్బసం ఉన్నవాళ్లు ఆ కాసేపు మూసిన పెట్టెలోకి వెళ్లిపోవాలి.

6. పిల్లలను కమ్మీ మీదికి ఎక్కించకండి, చేతులు బయటికి చాచనివ్వకండి. రోడ్డు దాటే చోట రెండు పొడుగు కూతలు, ఒక పొట్టి కూత, మళ్లీ ఒక పొడుగు కూత వేస్తారు. మొదటి కూత వినగానే చంటిపిల్లల చెవులు మూయండి.

సెప్టెంబరు చివర్లో ఆస్పెన్ చెట్లు పసుపు పచ్చగా మారతాయి. జనం ఎగబడేది అప్పుడే, టికెట్ చాలా ముందే కొనాలి. సాయంత్రం బసకు చేరాక స్నానానికి ముందు ఒకసారి జుట్టు దువ్వుకుని చూడండి, దువ్వెన పళ్ల మధ్య నల్లని నలుసులు కనిపిస్తాయి.