సినిమాకి పద్దు రాసే పద్ధతి

మా నాన్నకి తెనాలిలో కిరాణా కొట్టు ఉండేది. రోజంతా జరిగిన బేరం ఏ రాత్రికారాత్రి చిట్టాలో రాసుకుని, ఆదివారం తీరిగ్గా కూర్చుని ఖాతాల వారీగా ఆవర్జాలోకి ఎక్కించేవారు. 1980లో, నేను పదో తరగతిలో ఉండగా, ఆయన నాలుగు పేజీలు రాసి వదిలేసిన పొడుగు పద్దుల పుస్తకం ఒకటి నా చేతికొచ్చింది. ఎడమ పక్క జమ, కుడి పక్క ఖర్చు అని అచ్చేసి ఉంది. అందులో నేను రాసిన మొదటి పద్దు ‘శంకరాభరణం’. పెళ్ళయి కరీంనగర్ వచ్చేటప్పుడు ఆ పుస్తకం కూడా నా పెట్టెలోనే వచ్చింది. ఇప్పుడు ఏడో పుస్తకం నడుస్తోంది.

మా పిల్లలూ వాళ్ళ స్నేహితులూ ఈ పుస్తకాలు తిరగేసి, మేమూ రాస్తాం, ఎలా రాయాలో చెప్పమంటున్నారు. వాళ్ళకి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. సినిమా మీద మన అభిప్రాయం మనదే కావాలంటే, ఇంకొకరి మాట చెవిన పడకముందే అది కాగితం మీద పడాలి. పడ్డాక కూడా అదే ఆఖరి లెక్క అనుకోకూడదు. చిట్టా వేరు, ఆవర్జా వేరు.

పుస్తకం, తలపద్దు

ఫోనులో రాయకండి. ఫోను తెరిస్తే ముందు ఎవరో ఇచ్చిన రేటింగు కనిపిస్తుంది, తర్వాత మీరు రాసేదంతా దానికి జవాబే అవుతుంది. స్టేషనరీ కొట్లో పొడుగు పద్దుల పుస్తకాలు ఇప్పటికీ దొరుకుతాయి. దొరక్కపోతే మామూలు నోటు పుస్తకంలో నిలువుగా మధ్యకి గీత కొట్టండి. సినిమా మనకి మిగిల్చింది జమ, నచ్చనిది ఖర్చు. ఒక సినిమాకి ఒక పేజీ. పేజీ కింద నాలుగు వేళ్ళ వెడల్పు ఖాళీ వదలండి. అది ‘నిల్వ’. దాని సంగతి తర్వాత చెబుతాను.

పైన తలపద్దు రాయాలి. తారీఖు, ఊరు, హాలు, ఏ ఆట, పక్కన ఎవరున్నారు, ఎక్కడ కూర్చున్నాం, అప్పుడు మన ఒళ్ళూ మనసూ ఎలా ఉన్నాయి. ఈ చివరిది చాలామంది వదిలేస్తారు. నా రెండో పుస్తకంలో ఒక పేజీ మీద ‘సెకండ్ షో, గోడ పక్క సీటు, ఒళ్ళో చంటిది, దానికి జ్వరం’ అని ఉంది. కింద ఖర్చు వైపంతా నిండిపోయింది. ఆ తలపద్దు లేకపోతే ఇప్పటికీ నేను ఆ సినిమాని తిడుతూనే ఉండేదాన్ని.

ఆ రాత్రే రాయాల్సినవి

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని, సినిమా గురించి ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చోండి. పావుగంట చాలు. కథ రాయకండి, కథ ఎక్కడైనా దొరుకుతుంది. జమ వైపు మూడు రాయండి: ఒక చూపు, ఒక చప్పుడు, ఒక మాట. మీ కంటికి మిగిలింది, చెవికి మిగిలింది, నోటికి మిగిలింది.

‘సాగర సంగమం’ 1983లో వచ్చింది. నాకు పంతొమ్మిదేళ్ళు. ఆ రాత్రి చూపు దగ్గర నేను రాసింది ఇంతే: ‘వానలో ఆమె నుదుటికి చెయ్యి అడ్డం పెట్టాడు.’ బావి గట్టు మీద తాగి చిందులేస్తున్న కమల్‌హాసన్, జయప్రద బొట్టు వానకి కరిగిపోకుండా అరచెయ్యి గొడుగులా పడతాడు. ఆమె భర్త పోయిన సంగతి అతనికి తెలీదు. అతని కోసమే ఆమె ఆ బొట్టు పెట్టుకొచ్చింది. చప్పుడు దగ్గర ‘తకిట తధిమి, బాలసుబ్రహ్మణ్యం గొంతు’ అని రాశాను. మాట దగ్గర ఏమీ లేదు, గీత కొట్టి వదిలేశాను. నలభై ఏళ్ళు దాటాక ఆ పేజీ తెరిస్తే, ఆ ఒక్క వాక్యం చాలు, వానతో సహా సినిమా అంతా కళ్ళముందుకొస్తుంది. ఆ రాత్రి నేను ‘అద్భుతంగా ఉంది, కమల్ నటన సూపర్’ అని రాసి ఉంటే ఏం మిగిలేది?

అందుకే కొన్ని మాటలు నా పుస్తకంలోకి రానివ్వను. బాగుంది, సూపర్, సోది, ల్యాగ్, టైంపాస్. తప్పక రాయాల్సి వస్తే పక్కనే ‘ఎక్కడ?’ అని నన్ను నేను అడుగుతాను. ‘సాగదీశారు’ అనిపిస్తే ఏ సీను దగ్గర వాచీ చూసుకున్నానో అది రాయాలి. వాచీ చూసుకున్న చోటు గుర్తుంటే అది అభిప్రాయం. గుర్తు లేకపోతే పక్క సీటులోని వాళ్ళు అన్న మాటే మనం మోసుకొచ్చామన్నమాట.

ఖర్చు వైపు

ఇదే కష్టమైన పని. ఎక్కువ జాగ్రత్త పడాల్సింది కూడా ఇక్కడే. నచ్చని సినిమా మీద చెయ్యి త్వరగా నడుస్తుంది. అందుకని ఖర్చు రాసేముందు అది ఎవరి ఖాతాలో వెయ్యాలో తేల్చుకోవాలి. నాకు నాలుగు ఖాతాలున్నాయి.

ఒకటి హాలు ఖాతా. స్పీకరు గరగరలాడింది, ఏసీ ఆగిపోయింది, వెనక సీటాయన ఫోను ఆపలేదు. ఇవి సినిమాకి అంటగట్టకూడదు. రెండోది ఒంటి ఖాతా. ఆకలి, తలనొప్పి, ఇంట్లో గొడవ పడి వెళ్ళడం, పైన చెప్పిన చంటిదాని జ్వరం.

మూడోది ఆశ ఖాతా. 2010 అక్టోబరులో మా అబ్బాయితో కలిసి ‘ఖలేజా’కి వెళ్ళాను. అంతకుముందు అయిదేళ్ళ క్రితం అదే త్రివిక్రమ్, అదే మహేశ్‌బాబు చేసిన ‘అతడు’ మా ఇంట్లో అందరికీ ప్రాణం. మహేశ్ సినిమా వచ్చి మూడేళ్ళయింది. నేను మళ్ళీ ‘అతడు’ చూద్దామనే వెళ్ళాను. తెర మీద ఒక టాక్సీ డ్రైవరు వాగుతూ ఉన్నాడు, ఒక ఊరు ఊరంతా అతన్ని దేవుడంటోంది, నాకు ఏదీ పట్టలేదు. ఆ రాత్రి ఖర్చు వైపు పదకొండు వాక్యాలు రాశాను. జమ వైపు ఒక్కటీ లేదు. చాలామందికి అలాగే అనిపించినట్టుంది, ఆ సినిమా అప్పుడు ఆడలేదు.

తర్వాతెప్పుడో ఒక మధ్యాహ్నం టీవీలో వస్తోంది. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ చూశాను. ఈసారి ‘అతడు’ మనసులో లేదు. తనని దేవుడంటే ఒప్పుకోని మనిషీ, అతన్ని తప్ప ఇంకెవర్నీ నమ్మలేని జనమూ, ఆ ఇద్దరి మధ్య నడిచే మాటలూ నాకు మొదటిసారి వినపడ్డాయి. లేచి పుస్తకం తీసి చూస్తే, ఆ పదకొండు వాక్యాల్లో తొమ్మిది సినిమా గురించి కావు. నేను ఏం కోరుకుని వెళ్ళానో దాని గురించి. వాటన్నిటినీ బాణం గీసి ఆశ ఖాతాలోకి మార్చాను. 2025లో దాన్ని మళ్ళీ థియేటర్లలో వేస్తే టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళాను.

అయితే రాసిన ఖర్చుని ఎప్పుడూ కొట్టేయకండి. నాన్న అనేవారు, పద్దు తప్పయితే కింద దిద్దుబాటు పద్దు రాయాలి గానీ పైది చెరపకూడదని. చెరిపితే మనం ఎక్కడ పొరబడ్డామో తెలీదు.

నాలుగోది అసలు ఖాతా. హాలు బాగుంది, ఒళ్ళు బాగుంది, ఏమీ ఆశించి వెళ్ళలేదు, అయినా సినిమా మనల్ని నిరాశపరిచింది. ఇక్కడ మొహమాటం అక్కర్లేదు, పేరు పెట్టి రాయాలి. ఒక పెద్ద సినిమాకి నేను రాసిన ఖర్చు ఇది: ‘ఇంటర్వెల్ తర్వాత హీరోయిన్ పాటలకి తప్ప రాలేదు. మొదటి సగంలో ఆమెకి ఉద్యోగం ఉంది, రెండో సగంలో అది ఏమయిందో ఎవరూ అడగలేదు.’ ఆ రెండు వాక్యాలు ఈరోజు చదివినా నేను వాటి పక్కనే నిలబడతాను.

ఇష్టమైన సినిమా కూడా ఖర్చు రాయిస్తుంది. ‘మాయాబజార్’ నాకు అమ్మ చేతి అన్నం లాంటిది. 1957 నాటి ఆ సినిమాకి రంగులద్ది, తెర వెడల్పు చేసి 2010 జనవరిలో మళ్ళీ విడుదల చేశారు. మా అక్క మనవణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళాను. ‘లాహిరి లాహిరి’ వచ్చేసరికి నా గుండె జారిపోయింది. కెమెరామన్ మార్కస్ బార్‌ట్లే తెలుపు నలుపుల్లో తీసిన ఆ వెన్నెలలో చీకటికి ఎన్ని ఛాయలున్నాయో, నీళ్ళ మీద ఎంత మెరుపుందో! రంగులొచ్చాక నా కన్ను చీరల మీదికీ నగల మీదికీ పోయింది. ఘటోత్కచుడు మాయా శశిరేఖగా మారినప్పుడు సావిత్రి ఒక్క కనుబొమ్మ ఎగరేసి ఎస్వీ రంగారావుని తన మొహంలోకి తెచ్చుకుంటుంది. నలుపు తెలుపుల్లో ఆ కనుబొమ్మ తప్ప ఇంకేమీ కనపడదు. ఇదంతా ఖర్చు వైపు రాశాను. జమ వైపు ఒక వాక్యమే: ‘పిల్లాడు ఆసాంతం కదలకుండా కూర్చున్నాడు.’ నలుపు తెలుపుది టీవీలో పెడితే పది నిమిషాల్లో లేచిపోయిన పిల్లాడు వాడు. ఇంటికొచ్చాక ‘పాతది కూడా పెట్టు అమ్మమ్మా’ అన్నాడు. అదీ జమలోనే వేశాను.

నిల్వ

కింద వదిలిన నాలుగు వేళ్ళ ఖాళీ దీనికోసం. ఆ సినిమా మళ్ళీ చూసిన ప్రతిసారీ తారీఖు వేసి, వేరే రంగు సిరాతో, రెండు వాక్యాలు. అంతకన్నా ఎక్కువ వద్దు. మళ్ళీ చూసేముందు పాత పద్దు చదవకండి, చూసి రాశాక చదవండి.

‘శంకరాభరణం’ పెద్ద హీరో లేని సినిమా. మొదట్లో హాళ్ళు నిండలేదు. చూసినవాళ్ళు ఇంకొకరికి చెప్పి చెప్పి నిలబెట్టారు. మా నాన్నకీ కొట్టుకొచ్చిన ఖాతాదారు ఒకాయన చెబితేనే నన్ను తీసుకెళ్ళారు. నా మొదటి పద్దులో పెళ్ళిచూపుల సీను ఉంది. శారద ‘సామజవరగమన’ పాడుతూ మధ్యలో దారి తప్పుతుంది, తండ్రి అందరి ముందూ ‘శారదా!’ అని గర్జిస్తాడు. పదహారేళ్ళ నేను రాసింది: ‘ఆయన మీద కోపం వచ్చింది. పాట ముఖ్యమా, కూతురు ముఖ్యమా?’

కింద ఆకుపచ్చ సిరా, 1998: ‘ఆయన కోపం కూతురి మీద కాదు. రాగం తప్పితే ఆయనకి ఒంటి మీద దెబ్బ పడినట్టే.’ ఎర్ర సిరా, 2011, మా అమ్మాయికి పెళ్ళిచూపులు జరిగిన నెల: ‘కోపం మళ్ళీ వచ్చింది. ఈసారి అబ్బాయి తరఫువాళ్ళ ముందు తలొంచుకున్న ఆ పిల్లని మాత్రమే చూశాను.’ మూడూ నా అభిప్రాయాలే. ఒకదానితో ఒకటి కొట్టుకుంటాయి. కొట్టుకోనివ్వండి, కూడి సగటు తీయకండి.

ఇద్దరు కలిసి చూస్తే

ఇద్దరూ విడివిడిగా రాయండి, తర్వాత పుస్తకాలు మార్చుకోండి. మా వారికి రాసే అలవాటు లేదు. 2023లో ‘బలగం’ చూసొచ్చిన రాత్రి మాత్రం నా పుస్తకంలోనే ఒక పేజీ అడిగి రాశారు. అందులో బావా బామ్మర్దుల పగకి మూలం విందులో వడ్డించిన నల్లి బొక్క. మా తెనాలి వైపు దాన్ని మూలుగ ఎముక అంటాం. నా ఖర్చు వైపు ‘ఎముక ముక్క కోసం ఏళ్ళ తరబడి మాటల్లేకుండా ఉంటారా? నమ్మకం కుదరలేదు’ అని రాశాను. ఆయన రాసింది: ‘అది బొక్క గాదు, ఇజ్జత్. మా చిన్నాయిన గిట్లనే పోయిండు, మా బాపుతోని మాట్లాడకుంటనే. పిట్ట ముట్టకపోతే మా బాపు ఎట్ల ఏడ్చిండో నేను జూసిన.’ పిట్ట ముట్టడమంటే, పోయినవాళ్ళకి పెట్టిన ముద్దని కాకి ముట్టడం. ముప్పై ఏడేళ్ళ కాపురంలో ఆయన ఆ సంగతి నాకు ఎప్పుడూ చెప్పలేదు. నా వాక్యం అలాగే ఉంచి, దిద్దుబాటు పద్దు కింద ‘నమ్మకం కుదరకపోవడం నా తెలియనితనం’ అని రాశాను.

ఎదుటివాళ్ళకి ప్రాణమైన సినిమా మీకు ఎక్కకపోతే, ‘నాకు ఎక్కలేదు’ అని, ఎక్కడ ఎక్కలేదో ఒక్క చోటు చెప్పండి. ‘చెత్త’ అనకండి. ఆ తర్వాత ‘నీకెక్కడ నచ్చింది?’ అని అడిగి, వాళ్ళు చెప్పింది మీ పేజీలో జమ వైపు వాళ్ళ పేరుతో రాసుకోండి.

మొదలుపెట్టేవాళ్ళు ప్రాణమైన సినిమాతో మొదలుపెట్టకండి, చెయ్యి కదలదు. కిందటి వారం చూసిందేదో దానితో మొదలుపెట్టండి. మొదటి ఆరు పేజీలు అకారాది సూచికకి వదలండి, పేజీ అంకెలు మొదటి రోజే వేసుకోండి. పుస్తకం నిండాక అట్టల మధ్య ఎండిన వేపాకు పెట్టి గుడ్డలో చుట్టండి. నా మొదటి పుస్తకం అంచులు పురుగు కొట్టేసింది, ‘మల్లీశ్వరి’ పేజీలో తలపద్దు సగం పోయింది. ఆ ఆట ఏ ఊళ్ళో చూశానో తెలీడం లేదు. పక్కన అమ్మ కూర్చున్నట్టు మాత్రం ఉంది.