ఓటీజీ వంట – 3వ పాఠం: దుంప డొప్పలో కైమా

పోయిన పాఠంలో ఇంటిపని గుర్తుందా? ఒకే సైజు బంగాళాదుంపలు రెండు తీసుకుని, ఒకదానికి అల్యూమినియం రేకు చుట్టి, రెండోదాన్ని అలాగే వదిలేసి ఓటీజీలో, అంటే మన చిన్న కరెంటు ఓవెన్‌లో, కాల్చమన్నాను. గాజువాకలో ఉండే మా వదిన చేసి ఫోన్ చేసింది. "రేకు చుట్టింది లోపల బాగానే ఉంది గానీ, తోలు తడిసిన గోనెసంచిలా ఉందే" అంది. అదే నేను చెప్పాలనుకున్నది. రేకు లోపల దుంప కాలదు, తన ఆవిరిలో తనే ఉడుకుతుంది. తోలు పెళుసుగా రావాలంటే ఆవిరికి దారి ఉండాలి.

ఈ రోజు ఆ దుంపను తొలిచి మటన్ కైమా కూరి, రాత్రి భోజనానికి సరిపడేలా చేద్దాం. పాఠం మొత్తం ఒక్క విషయం చుట్టూ తిరుగుతుంది: నీళ్లు. దుంపలో నీళ్లు, మాంసంలో నీళ్లు, ఉల్లిపాయలో నీళ్లు. వాటిని ఎక్కడికక్కడ వదిలించుకుంటే వంట కుదిరినట్టే. సముద్రం పక్కన ఊరు మనది, గాలిలోనే బోలెడు తేమ. ఇంకా మనం కలపక్కర్లేదు.

ముందు దుంప సంగతి. నలుగురికి నాలుగు కావాలి, కిలోకి నాలుగు తూగేవి. సీతమ్మధార రైతుబజారులో నేను గుట్టలోంచి ఏరుకుంటాను, అమ్మేవాళ్లు విసుక్కున్నా సరే. పొడుగ్గా, కాస్త చదునుగా ఉన్నవి మేలు, పడుకోబెడితే దొర్లవు. జనవరి నుంచి మార్చి దాకా వచ్చే కొత్త దుంప వేపుడుకి బాగుంటుంది, ఈ వంటకు పనికిరాదు. తోలు పలచన, లోపల నీరెక్కువ. ముదిరిన తోలున్న పాత దుంపే తీసుకోండి. ఆకుపచ్చగా తిరిగినవి అసలు ముట్టుకోకండి. ఆ పచ్చదనం ఉన్నచోట సోలనిన్ అనే విషపదార్థం కూడా పెరిగి ఉంటుంది, ఈ వంటలో తోలుతో సహా తింటాం కదా.

అమెరికాలో ఈ వంటకు రస్సెట్ రకం వాడతారు. పిండి పదార్థం ఎక్కువ, కాలితే పొడిపొడిగా విడిపోతుంది. ఇంగ్లండులో జాకెట్ పొటాటో అనేదీ ఇదే బాపతు, తోలే జాకెట్. మనకు బజారులో రకం పేరు చెప్పి అమ్మరు. పేరులోనే బంగాళం ఉంది, అంతకుమించి పుట్టుపూర్వోత్తరాలు తెలియవు. అందుకని ఒక చిన్న పరీక్ష. 11 కప్పుల నీళ్లలో 1 కప్పు ఉప్పు కరిగించి దుంపను వదలండి. మునిగితే పిండి ఎక్కువున్నది, కాల్చడానికి పనికొస్తుంది. తేలితే నీరెక్కువున్నది, కూరకు పక్కన పెట్టండి. ఉప్పు దండగ అనుకోకండి, ఒకసారి చేస్తే మీ బజారు దుంప ఏ రకమో తెలిసిపోతుంది.

కాల్చడం పోయినసారి చెప్పిందే. బాగా తోమి కడగండి, పొడిగుడ్డతో తుడవండి. ఫోర్కుతో ఏడెనిమిది చోట్ల పొడవండి, లేదంటే ఆవిరికి దారి లేక ఓటీజీలోనే పేలొచ్చు. నూనె, రాళ్ల ఉప్పు పట్టించి, ముందే వేడెక్కిన ఓటీజీలో 200 డిగ్రీల దగ్గర గంటా ఐదు నిమిషాలు. ట్రే వద్దు, మధ్య జాలీ మీద నేరుగా పెట్టండి.

ఆ గంటలో కైమా పని. దుకాణంలో అడుగుతారు, "ఏటమ్మా, మిషన్లో వేసీమంటారా, కత్తితో కొట్టీమంటారా?" అని. కత్తితోనే కొట్టించండి, ఆదివారం రద్దీలో పావుగంట నిలబడాల్సి వచ్చినా. మిషన్లో వేసింది ముద్దయిపోతుంది, నీరు వదిలితే ఒక పట్టాన ఇంకదు. తొడ మాంసం 300 గ్రాములు చాలు, కాస్త కొవ్వు ఉంచమనండి. ఇంటికి తెచ్చాక కడిగితే జల్లెడలో వేసి, నీరంతా కారిపోయేదాకా వదిలేయండి.

వెడల్పాటి మూకుడు తీసుకోండి. మూకుడు ఇరుకైతే ఆవిరి పోదు. రెండు చెంచాల నూనెలో రెండు ఉల్లిపాయల సన్నటి తరుగు ఎర్రగా వేయించి, ఒక పెద్ద చెంచా అల్లం వెల్లుల్లి ముద్ద, రెండు పచ్చిమిరపకాయలు, కాస్త పసుపు వేసి పచ్చివాసన పోయాక కైమా వేయండి. ఉప్పు, చెంచాడు కారం, చెంచాడు ధనియాల పొడి. మూత పెట్టి సన్న మంట మీద ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు. నీళ్లు పోయకండి, మాంసమే వదులుతుంది. మరీ అడుగంటుతుంటే అర గ్లాసు వేడినీళ్లు, అంతే.

మాంసం మెత్తబడ్డాక మూత తీసి మంట పెంచండి. ఇప్పుడు గడియారం చూడక్కర్లేదు, చెవి పెట్టి వినండి. మొదట కుతకుతలాడుతుంది, అది నీటి చప్పుడు. గరిటెతో గీత గీస్తే రెండు పక్కల నుంచి నీరు వచ్చి మూసేస్తుంది. కాసేపటికి కుతకుత తగ్గి, మధ్యమధ్య చిట్‌మని ఒకటీ అరా. ఇంకో రెండు నిమిషాలకు చప్పుడంతా చిటపటలాడుతుంది, గరిటె గీసిన గీత అలాగే నిలబడుతుంది, అంచుల్లో నూనె తేలుతుంది. నీరు పోయి కొవ్వులో వేగడం మొదలైందన్నమాట. ఇగురు దాటి వేపుడులోకి అడుగుపెట్టే ఆ చోటే మనక్కావాలి. దించేముందు అర చెంచా గరం మసాలా, దంచిన మిరియాలు, కొత్తిమీర, పుదీనా. మిరియాలు పాడేరు వైపువి దొరికితే అవే వేయండి. అక్కడ కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల తీగ పాకిస్తారు, ఆ ఘాటు నాకిష్టం.

టమాటా ఏదీ అని అడుగుతారు. లేదు. నేను మొదటిసారి ఇది చేసినప్పుడు మూడు టమాటాలు వేశాను, రుచి బ్రహ్మాండం. చుట్టాలు కూర్చున్నారు, ట్రే తీసుకొచ్చాను. ఒక దుంపను గరిటెతో ఎత్తితే టమాటా నీటికి నానిన అడుగు ఊడిపోయి, కైమా అంతా మా బాబాయిగారి పళ్లెం బయట పడింది. మిగిలిన మూడూ అదే బాపతు. ఆ రాత్రి అందరం గుజ్జూ కైమా కలుపుకుని చపాతీలతో తిన్నాం. పులుపు కావాలంటే తినేముందు నిమ్మకాయ పిండుకోండి.

దుంప కాలిందో లేదో పుల్ల గుచ్చి చూడండి, ఎక్కడా అడ్డు తగలకూడదు. ఒకసారి తూకం వేశాను, 260 గ్రాములది బయటికొచ్చేసరికి 215 తూగింది. ఆ పోయిందంతా నీరే. బయటికి తీసిన వెంటనే పైభాగం పొడుగునా పలచగా మూతలా కోసేయండి. చల్లారాక కోద్దామని వదిలేస్తే లోపలి ఆవిరి మళ్లీ నీరై గుజ్జు జిగురుగా తయారవుతుంది.

తొలవడానికి టీ చెంచా చాలు. ఎడమచేతిలో మడిచిన గుడ్డ, గుడ్డలో దుంప. మధ్యలోంచి మొదలుపెట్టి అంచులకు రండి, చెంచా వీపు తోలు వైపు ఉండాలి. గోడ మందం అర సెంటీమీటరుకి తగ్గకూడదు. అడుగున ఇంకొంచెం ఎక్కువే వదలండి, బరువు మోసేది అదే. చెంచాకు తోలు గరగరా తగిలిందంటే మీరు లోతుకి వెళ్లిపోయినట్టే. చిల్లు పడితే కంగారు లేదు, తీసిన గుజ్జే కాస్త అద్ది మూసేయండి. డొప్పలకు లోపల కరిగిన వెన్న రాసి, ఖాళీగానే మళ్లీ ఓటీజీలో 220 డిగ్రీల దగ్గర పది నిమిషాలు. దీన్ని చాలామంది వదిలేస్తారు, తోలు పెళుసుదనమంతా ఇందులోనే ఉంది.

తీసిన గుజ్జులో సగమే కైమాలో కలపండి, ఫోర్కుతో, పైపైన. పిసికితే బంక అవుతుంది. మిగతా సగం రేపటి కట్‌లెట్‌కి. ఉప్పు ఇప్పుడు మళ్లీ చూసుకోండి, దుంప ఉప్పు లాగేస్తుంది. డొప్పల్లోకి గుట్టగా నింపండి, గుత్తి వంకాయలో కూరినట్టు నొక్కి కుక్కకండి. పైన చీజ్ తురుము మీ ఇష్టం. నేనైతే బేకరీ రస్కు రెండు దంచి, వెన్నలో కలిపి చల్లుతాను. 200 దగ్గర పన్నెండు నిమిషాలు, పైన ఎర్రబడగానే తీసేయండి. కోడి కైమాతోనూ చేయొచ్చు గానీ దానిలో కొవ్వు తక్కువ, పిడచ కడుతుంది. ఒక చెంచా వెన్న ఎక్కువ వేయండి.

పక్కన నిమ్మచెక్క, ఉల్లిపాయ పెరుగుపచ్చడి. మనిషికొకటి తింటే పొట్ట నిండుతుంది. మా అత్తగారు మాత్రం ఒకటి పూర్తిగా తినేసి, "బాగుందమ్మా. మరి అన్నం?" అన్నారు. కాబట్టి రెండు గుప్పెళ్ల బియ్యం కూడా పడేయండి, చివర పెరుగన్నానికి.

మిగిలితే బల్ల మీద వదలకండి, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టేయండి. మర్నాడు మైక్రోవేవ్‌లో పెడితే తోలు మళ్లీ గోనెసంచే. ఓటీజీలోనే, లోపల పొగలు వచ్చేదాకా వేడిచేయండి.

ఈసారి ఇంటిపని: నాలుగు చేయొద్దు, రెండే చేయండి. ఒక డొప్పను ఖాళీగా పది నిమిషాలు కాల్చి నింపండి, రెండోదాన్ని కాల్చకుండా నేరుగా నింపండి. తిన్నాక ఏది ఎలా ఉందో రాసుకోండి. వచ్చే పాఠం వంజరం ముక్కలకి. ఓటీజీ అడుగున కారిన కైమా నూనె ముందే తుడిచి ఉంచుకోండి, లేకపోతే వేడెక్కగానే ఇల్లంతా పొగ.