పాట వినే విద్య – 3వ పాఠం: సరౌండ్ ప్రాసెసరా, స్టీరియో ప్రీయాంపా?

కిందటి పాఠంలో స్పీకర్లు గోడకి ఎంత ఎడంగా ఉండాలో చూశాం. ఆ పని ఇంకా అవనివాళ్లు ముందు అది ముగించి రండి. స్పీకరు మూలకి నక్కి ఉంటే ఇవాళ్టి పరీక్ష అంతా వృథా.

పర్లాకిమిడిలోనూ, అటు రాయగడ, బరంపురంలోనూ నాకు తెలిసిన తెలుగిళ్లలో సినిమాల కోసం కొన్న సరౌండ్ సెట్టు మీదే పాటలూ నడుస్తాయి. కొన్నాళ్లకి ఒక అనుమానం పట్టుకుంటుంది: పాటల వరకు వేరే స్టీరియో ప్రీయాంప్ తెచ్చుకుంటే ఇంకా బాగా వినిపిస్తుందా? ఎవరో చెప్పారని కొనకండి, ఎవరో వద్దన్నారని మానకండి. మీ గదిలో, మీ చెవితో తేల్చుకునే పద్ధతి ఇవాళ నేర్చుకుందాం. (ప్రీయాంప్, ప్రాసెసర్ లాంటి మాటలు అందరి నోటా ఉన్నవే కాబట్టి అలాగే రాస్తున్నాను. వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి గారు పాటుపడిన ఊళ్లో కూర్చుని వాటికి సంస్కృతం తొడగడం నాకు చేతకాదు.)

ముందు ఈ రెండూ చేసే పని. స్టీరియో ప్రీయాంప్ పని తక్కువ: సీడీ ప్లేయర్, టీవీ లాంటి వాటిలో దేని పాట వినాలో ఎంచడం, శబ్దం పెంచడం, తగ్గించడం, స్పీకర్లని నడిపే పవర్ యాంప్‌కి అందించడం. సరౌండ్ సెట్టులోని ప్రాసెసర్ అలా ఊరుకోదు. సీడీ ప్లేయర్ నుంచి అనలాగ్ తీగలో వచ్చిన పాటని మామూలు మోడ్‌లో మళ్లీ అంకెలుగా మారుస్తుంది, సబ్‌వూఫర్ (కింది స్వరాల కోసం విడిగా ఉండే స్పీకరు) ఉంటే 80 హెర్ట్జ్ దగ్గరో మరోచోటో కింది స్వరాలని విడదీస్తుంది, గది దోషాలకి దిద్దుబాటు చేస్తుంది, తిరిగి అనలాగ్ చేసి పంపుతుంది. డైరెక్ట్ లేదా ప్యూర్ డైరెక్ట్ అనే మోడ్ పెడితే చాలా ప్రాసెసర్లలో ఈ దారంతా తప్పుతుంది. రిమోట్ మీద ఆ బటన్ ఎక్కడుందో ఇప్పుడే వెతికి పెట్టుకోండి. డాల్బీ సరౌండ్ మోడ్‌లో మిగిలిపోయి ఉంటే రెండు చానళ్ల పాటని ఐదు స్పీకర్లకి పంచేస్తుంది, దానితో పోలిక కుదరదు.

ఇక అసలు కిటుకు: రెండింటి శబ్దం ఒకే మట్టంలో ఉండాలి. ఒక డెసిబెల్ కన్నా తక్కువ తేడా ఉన్నప్పుడు మన చెవికి ఒకటి పెద్దగా ఉందని తెలియదు, ఒకటి బాగుందని తెలుస్తుంది. నాకు జరిగింది ఇదే. తెలిసినాయన దగ్గర ప్రీయాంప్ అరువు తెచ్చి రెండు వారాలు విన్నాను. గొంతు ముందుకొచ్చింది, తంబురా తీగ మెరిసింది అని ఇంట్లో అందరికీ చెప్పాను. తర్వాత స్పీకర్ టెర్మినళ్ల దగ్గర మీటరు పెట్టి చూస్తే ప్రాసెసర్‌తో 1.00 వోల్టు, ప్రీయాంప్‌తో 1.09. అంటే ముప్పావు డెసిబెల్. నాబ్ ఆ కాస్తా తగ్గించి మళ్లీ వింటే మెరుపు లేదు. ఆ సాయంత్రం చాలాసేపు మనసు బాగోలేదు.

మీరు ఇలా చేయండి. 300 హెర్ట్జ్ టోన్ ఒకటి సీడీలోనో పెన్‌డ్రైవ్‌లోనో వేసుకోండి. మామూలు మల్టీమీటర్లు 400 హెర్ట్జ్ దాటితే ఏసీని సరిగ్గా చూపకపోవచ్చు, అందుకే అంత కింది స్వరం. ఎలక్ట్రికల్ షాపులో దొరికే చవక మీటరు కుదరదు. వాటిలో ఏసీకి కనీస రేంజే 200 వోల్టులు, చుక్క తర్వాత ఒక్క అంకే కనిపిస్తుంది. ఒక వోల్టుని రెండంకెల వరకు చూపేది కావాలి, ఆటో రేంజ్ మీటర్ అయితే నయం. స్పీకర్ టెర్మినళ్ల మీద రెండు ముళ్లూ పెట్టేటప్పుడు ఒకదానికొకటి తగలనివ్వకండి, యాంప్ పోతుంది.

ముందు ప్రాసెసర్‌తో మొదలెట్టండి. దాని వాల్యూమ్ మామూలుగా అర డెసిబెల్ మెట్లలో కదులుతుంది. గుండ్రటి నాబ్ ఉన్న ప్రీయాంప్ అయితే మధ్యలో ఎక్కడైనా ఆగుతుంది. కాబట్టి ప్రాసెసర్‌ని 1.00 దగ్గర ఉంచి, ప్రీయాంప్ నాబ్‌ని వెంట్రుకవాసి తిప్పుతూ 1.00కి తీసుకురండి. 1.01 ఉన్నా పరవాలేదు, అది డెసిబెల్‌లో పదో వంతు కూడా కాదు. ఎడమ, కుడి రెండూ చూడండి. నాబ్ బాగా కిందున్నప్పుడు కొన్ని ప్రీయాంపుల్లో ఒక పక్క తగ్గుతుంది. దానికి చెవి పరీక్ష ఘంటసాల గారి పాత సినిమా పాటలు. అవి చాలావరకు మోనో కాబట్టి గొంతు సరిగ్గా నడిమధ్య నిలబడాలి, పక్కకి ఒరిగితే కారణం వెతకండి.

తీగల సంగతి. సీడీ ప్లేయర్ అనలాగ్ అవుట్‌ని వై తీగతో చీల్చి రెండింటికీ ఇవ్వండి. ఒకదానికి డిజిటల్, ఇంకోదానికి అనలాగ్ ఇస్తే పోల్చేది సీడీ ప్లేయర్‌ని కూడా. రెండింటి అవుట్‌లూ ఒక ఆర్‌సీఏ సెలెక్టర్ డబ్బాలోకి (స్విచ్‌తో రెండింటిలో ఒకదాన్ని ఎంచేది), అక్కడి నుంచి పవర్ యాంప్‌కి. తీగలు పీకి మార్చే లోపు విన్నది చెవి మరిచిపోతుంది, అందుకే డబ్బా. గుయ్యిమని మోత వస్తే ముందు సెట్‌టాప్ బాక్స్ కేబుల్ విప్పి చూడండి. ఎర్త్ పిన్ను మాత్రం ఎప్పుడూ తీసేయకండి.

స్విచ్ దగ్గర మీరు ఉండకూడదు. మా ఇంట్లో ఆ పని మా అమ్మాయిది. నాణెం ఎగరేసి, బొమ్మ పడితే ప్రీయాంప్, బొరుసు పడితే ప్రాసెసర్. నేను గోడవైపు చూస్తూ కూర్చున్నాను. "నాన్నా, మార్చేశాను, చెప్పు" అనేది, నేను చెప్పింది నోట్‌బుక్‌లో రాసేది, తప్పో ఒప్పో పది అయ్యేదాకా చెప్పలేదు. ఊరికే ఊహించినా పదికి ఐదు వస్తాయి. తొమ్మిది సరిగ్గా చెబితే నమ్మొచ్చు, గుడ్డిగా చెప్పి అన్ని రావడం వందలో ఒకసారి.

పాటలు మూడు చాలు. తంబురాతో ఒక్క గొంతు, మర్దళం (మృదంగం లాంటి వాద్యం) బాగా వినిపించే ఒడిస్సీ పాట ఒకటి, బేస్ గిటార్ ఉన్న సినిమా పాట ఒకటి. డైరెక్ట్ మోడ్‌లో ఉన్న ప్రాసెసర్‌కీ ప్రీయాంప్‌కీ మధ్య నాకు పదికి ఆరు వచ్చాయి. అంటే నాకు తేడా తెలియలేదు.

గది దిద్దుబాటు ఆన్ చేశాక పదికి పదీ వచ్చాయి. మా ముందు గది 12 అడుగులు, పైన స్లాబు, కింద టైల్స్. అంత పొడవున్న గదిలో 47 హెర్ట్జ్ స్వరం గోడల మధ్య ఊగుతూ ఉబ్బిపోతుంది. బేస్ గిటార్ లావు తీగ మీద రెండో మెట్టు నొక్కితే వచ్చేది 46. ఆ ఒక్క స్వరం దగ్గర పాట అంతా బుంగలో పాడినట్టు ఉండేది. దిద్దుబాటు ఆ ఉబ్బుని కోసేసింది, పక్క స్వరాలు విడివిడిగా నడిచాయి. ఈ పరీక్షకి మట్టం మాత్రం ఒక్క టోన్‌తో కలపకూడదు, దిద్దుబాటు ఆ స్వరాన్నే మార్చి ఉండొచ్చు. పింక్ నాయిస్ (అన్ని స్వరాలూ కలిసిన హోరు) పెట్టి, కూర్చునే చోట ఫోన్‌లోని సౌండ్ మీటర్ యాప్‌తో కలపండి. మీ ప్రాసెసర్ ఒప్పుకుంటే దిద్దుబాటుని 300 హెర్ట్జ్ కిందికే పరిమితం చేయండి. ఆపైన గొంతుల్ని ముట్టుకోనివ్వడం నాకు నచ్చలేదు.

అందుకే నా మాట ఇది: మన చిన్న స్లాబు గదుల్లో, మంచి దిద్దుబాటున్న ప్రాసెసర్ ఇప్పటికే ఉంటే, శబ్దం బాగుపడుతుందని ప్రీయాంప్ కొనకండి. ఎల్‌పీ రికార్డులు వినేవాళ్లకీ, టీవీ వెలిగించి మెనూలు తిరగకుండా నాబ్ తిప్పి పాట వినాలనుకునేవాళ్లకీ అది కొనదగ్గదే. గది పెద్దదై, బేస్ ఉబ్బకుండా ఉంటే అప్పుడు కూడా ఆలోచించొచ్చు.

సినిమాలకి ప్రాసెసర్, పాటలకి ప్రీయాంప్, రెండూ ఒకే స్పీకర్ల మీద నడిపే బైపాస్ పద్ధతి వచ్చే పాఠంలో. ఈలోగా రెండు పనులు చేసి ఉంచండి. గది పొడవు మీటర్లలో కొలిచి, 343ని (గాలిలో శబ్దం సెకనుకి పోయే మీటర్లు) దాని రెట్టింపుతో భాగించి వచ్చిన అంకె రాసుకోండి, మీ గదిలో ఉబ్బే స్వరం హెర్ట్జ్‌లలో అదే. మీ ప్రాసెసర్ వెనక ఫ్రంట్ ప్రీ అవుట్ అనే రెండు సాకెట్లు ఉన్నాయో లేదో టార్చి వేసి చూడండి.