ఫైనైట్ ఎలిమెంట్ కోడ్ రన్ చేసే ముందు చూసుకోవాల్సినవి

పాక్షిక అవకలన సమీకరణాలు నేర్చుకుంటూ మొదటిసారి సొంతంగా కోడ్ రాస్తున్నవాళ్ల కోసం ఇది. ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి అంటే ప్రాంతాన్ని చిన్న ముక్కలుగా (ఎలిమెంట్లుగా) విడగొట్టి, ఒక్కో ముక్క మీద జవాబును సులువైన ఫంక్షన్‌తో అంచనా వేయడం; ఆ ముక్కల వలే మెష్.

• ముందు కాగితం మీద చేయండి. 0 నుంచి 1 వరకు ఉన్న గీత మీద రెండో అవకలజం −1, రెండు చివర్లా విలువ 0 అనుకోండి. రెండు సమాన లీనియర్ ఎలిమెంట్లు తీసుకుంటే మిగిలే తెలియని విలువ ఒక్కటే. స్టిఫ్‌నెస్ (ఆ తెలియని విలువ ముందుండే గుణకం) 4, లోడ్ (సమీకరణంలో కుడివైపు సంఖ్య) 1/2, కాబట్టి మధ్యలో 1/8. అసలు జవాబూ అదే. మీ కోడ్ ఇది ఇవ్వకపోతే 2డీ జోలికి వెళ్లొద్దు.

• సరిహద్దు షరతులు అంచు అంచుకీ రాసి పెట్టుకోండి. మామూలు వీక్ ఫామ్‌లో (సమీకరణాన్ని టెస్ట్ ఫంక్షన్‌తో గుణించి సమాకలనం చేసి రాసే రూపంలో) మీరు ఏమీ చెప్పకుండా వదిలేసిన అంచు సున్నా నాయ్‌మన్ అంచు (అంచుకు లంబంగా అవకలజం సున్నా అనే షరతు) అయిపోతుంది, ఎర్రర్ కూడా రాదు. అన్ని అంచులూ నాయ్‌మన్ అయితే పాయిసన్ సమీకరణానికి మాట్రిక్స్ సింగ్యులర్ అవుతుంది, అంటే దానికి విలోమం ఉండదు.

• యూనిట్లు. మిల్లీమీటర్లు, మీటర్లు కలపొద్దు.

• ఒక్క మెష్‌తో వచ్చిన జవాబును నమ్మకండి. ఎలిమెంట్ సైజు సగం చేస్తే, నునుపైన జవాబుకు లీనియర్ ఎలిమెంట్లతో ఎల్2 ఎర్రర్ (తేడా వర్గాన్ని ప్రాంతమంతా సమాకలనం చేసి తీసిన వర్గమూలం) దాదాపు నాలుగో వంతుకు తగ్గాలి. లోపలికి తిరిగిన మూల ఉంటే అంత తగ్గదు, అక్కడ మెష్ చిక్కగా వేయండి. 1991 ఆగస్టులో నార్వేలో స్లైప్నర్ ఎ కాంక్రీట్ ప్లాట్‌ఫామ్ పునాది మునిగిపోవడానికి ముఖ్య కారణాల్లో ఇలాంటి లెక్కే ఒకటి: ముతక మెష్ వల్ల షియర్ స్ట్రెస్ (కోత ఒత్తిడి) 47 శాతం తక్కువగా వచ్చింది. స్క్రీన్ మీద రంగుల బొమ్మ అందంగా ఉందని రిపోర్టులో పెట్టేయకండి.