బ్యాంకాక్ నుంచి అయుత్థయకు ఒక్క రోజులో: బయల్దేరే ముందు చూసుకోవాల్సినవి

థాయ్‌లాండ్ పాత రాజధాని అయుత్థయ బ్యాంకాక్‌కు ఉత్తరాన దాదాపు 80 కిలోమీటర్లు. పేరు మన అయోధ్య నుంచి వచ్చిందే.

- ఏ స్టేషనో ముందే తేల్చుకోండి. కొన్ని రైళ్లు హువా లాంఫాంగ్ నుంచి, కొన్ని క్రుంగ్ థెప్ అభివత్ నుంచి బయల్దేరతాయి. టికెట్ మీది పేరు ట్యాక్సీ డ్రైవర్‌కు చూపించండి.
- తిరుగు రైలు ఆలస్యమైతే టెన్షన్ పడకుండా ఉండాలంటే, అదే రాత్రికి విమానం పెట్టుకోవద్దు.
- స్టేషన్ నదికి ఒక గట్టున, పాత నగరం మరో గట్టున. చిన్న పడవలో దాటొచ్చు, చిల్లర బాత్‌లు జేబులో ఉంచుకోండి.
- అద్దె సైకిల్‌కు అసలు పాస్‌పోర్ట్ తాకట్టు పెట్టకండి. కాపీ ఇస్తామనండి, ఒప్పుకోకపోతే పక్క షాపు ఉంది.
- భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు. వాట్ మహాథాట్ అనే పాత గుడిలో చెట్టు వేళ్ల మధ్య బుద్ధ విగ్రహం తల ఉంటుంది. అక్కడ ఫొటో దిగాలంటే దాని కన్నా కిందకు కూర్చోవాలి. నిలబడి సెల్ఫీ తీసుకుంటే మర్యాద తప్పినట్టే.
- శాకాహారులు జాగ్రత్త: మాంసం వద్దంటే సరిపోదు, కూరలో చేపల సాస్ పడుతుంది. "జే" (థాయ్‌లో కఠిన శాకాహారం) అని అడగండి, గుడ్డు, చేప, వెల్లుల్లి కూడా ఉండవు. మా ఇంట్లోవాళ్ల కోసం పులిహోర కట్టుకెళ్లాను, సిగ్గేం పడలేదు.
- టోపీ, నీళ్లు. ఏప్రిల్ ఎండలో మధ్యాహ్నం సైకిల్ తొక్కకండి. వీధి కుక్కలను ముద్దు చేయకండి, కరిస్తే రేబిస్ టీకా కోసం వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.